నాయన జీపుకు వేసిన పెద్ద చక్రాలు

చినవీరయ్య చచ్చిపోయాడన్న కబురు వచ్చినప్పుడు నేను పొయ్యి మీద పాలు పెట్టి ఉన్నాను. ఫోను చెవిన పెట్టుకుని వింటూ పాలు పొంగనిచ్చాను. ఇల్లంతా మాడు వాసన కొట్టినా దించలేదు. పోయినవాళ్ల గురించి మంచే మాట్లాడాలని చెప్పేవాళ్లున్నారు. అలా చెప్పేవాళ్ల నాయన జీపు చక్రాలు ఎవరూ ఊడబీక్కుని పోయి ఉండరు. మా నాయనవి పీక్కుపోయినవాడు చినవీరయ్య. మా పుట్టినూరి పెద్దమనిషి. బతికున్నన్నాళ్లూ అతని మీద ఊళ్లో ఎవరూ నోరెత్తలేదు. పోయాక కూడా ఎత్తకపోతే ఇంకెప్పుడు ఎత్తాలి? అందుకే రాస్తున్నాను. నాకు అక్షరాలు వచ్చింది పిల్లల పెళ్లిళ్లు అయ్యాక. వచ్చిన కాడికి వచ్చినట్టు రాస్తాను. వంకరలుంటే చదివేవాళ్లు సర్దుకోవాలి.

ఆ వారమే మా కూతురి కూతురు శిరీష తన కారుకు చక్రాలు మార్పించుకుని వచ్చింది. దాచేపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో దానికి ఉద్యోగం. పెళ్లి మాట ఎత్తితే కారు తాళాలు తీసుకుని బయటికి పోయే రకం. నరసరావుపేట పోయి కారుకున్న ఇనప చక్రాలు తీయించేసి, మెరిసే అల్లాయ్ చక్రాలు, వాటికి వెడల్పు టైర్లు వేయించింది. వాకిట్లో కారు ఆపి, నన్ను చెయ్యి పట్టుకుని తీసుకుపోయి చూపించింది.

"బాగున్న చక్రాలు పీకిచ్చావేందే? కంపెనీవాడు తెలివి లేక ఏశాడా?" అన్నాను.

"కంపెనీవాడు సరిపోయేంతే ఏస్తాడు అమ్మమ్మా. మా ఫ్యాక్టరీ రోడ్డు మీద దుమ్ము మేట ఏసి ఉంటది. దాని మీద నాలుగు చినుకులు పడితే సబ్బు పూసినట్టే. ముందు లారీ, ఎనక లారీ. బ్రేకు కొడితే బండి నేలని పట్టుకోవాలా వద్దా?"

"పట్టుకుంటందా ఇప్పుడు?"

"చానా తేడా. మలుపు తిప్పితే ఒళ్లు ఊగడం కూడా తగ్గింది. గుంటలో పడితే మాత్రం నడుముకి తెలుస్తంది."

"చక్రం పెద్దదైతే స్పీడు మీటరు తప్పు చూపిస్తదే."

అది నా మొహంలోకి చూసింది. "నీకెట్టా తెలుసు? అందుకే రిమ్ము పెద్దది చేసి టైరు గోడ పొట్టిది తీసుకున్నా. మొత్తం ఎత్తు పాతదే. మీటరు అబద్ధమాడదు." ఆ తరువాత గుప్పెట్లోంచి ఒక చిన్న ఇనప ముక్క తీసి చూపించింది. "ఇది చూడు. చక్రానికొక నట్టు దీంతోనే ఊడుద్ది. ఇది లేకుండా ఏ దొంగ నాయాలూ పీకలేడు."

ఆ ముక్కను అరచేతిలో పెట్టుకుని నేను అరుగు మీద కూలబడ్డాను. ఎండకు కొత్త రబ్బరు వాసన గుప్పున కొడుతోంది. అందరికీ వాళ్ల నాయన దగ్గర పొగాకు వాసనో చెమట వాసనో గుర్తుంటుంది. నాకు మా నాయన అంటే ఇదే వాసన.

నాయన పేరు కోటయ్య. పాత జీపు ఒకటి కొని, మా ఊరి నుంచి మాచర్లకూ, విజయపురి సౌత్‌కూ ట్రిప్పులు వేసేవాడు. చీకటి ఉండగానే లేచి జీపు ముందు మూత ఎత్తేవాడు. అమ్మ పొయ్యి రాజేసే చప్పుడూ, నాయన జీపులో నీళ్లు పోసే చప్పుడూ కలిసి వినపడితే మాకు తెల్లారినట్టు. జొన్నన్నంలో గోంగూర పచ్చడి కలిపి ముద్ద కట్టి, గుడ్డలో మూట వేసి అమ్మ ఇచ్చేది. నాయన దాన్ని ఇంజను పక్కన ఇరికించి పెట్టేవాడు. మధ్యాహ్నం తినే వేళకు వేడిగా ఉంటుందని. ఆయన చేతులు, అన్నం, కండువా అన్నీ రబ్బరూ పెట్రోలూ కలిసిన వాసనే. నాయనమ్మ మాత్రం ఆ వాసనకు ముక్కు మూసుకుంటూనే, ఏ ట్రిప్పుకైనా ముందు సీటు తనదే అని ఎక్కి కూర్చునేది. "నా కొడుకు బండికి నేను కాకపోతే ఎవరు ముందు కూర్చోవాల?" అనేది.

మాది నల్లరేగడి నేల. నాలుగు వానలు పడితే రోడ్డు అప్పచ్చుల పిండి. మధ్యలో వాగు. చక్రం సగానికి దిగబడి, జీపు పొట్ట బురదకు ఆనుకుని కూర్చుంటే ఇక ఎద్దులు రావాల్సిందే. సాగర్ డ్యాము పనులు అయిపోయాక అక్కడి పాత బండ్లూ సామానూ వేలం వేస్తున్నారని విని నాయన పోయాడు. పెద్ద పెద్ద గాట్లున్న టైర్లు, వాటి రిమ్ములు బస్సు మీద వేయించుకుని తెచ్చాడు. అవి మా జీపుకు పట్టవు, నడిమి కన్నాలు కుదరవు. ఆయన ఏం చేశాడంటే, మా జీపు చక్రాల నడిమి పళ్లేలు కోయించి, ఆ పెద్ద రిమ్ముల మధ్యలో పెట్టించి, చుట్టూ వెల్డింగు వేయించాడు. మాచర్లలో వెల్డింగు వేస్తుండగా కరెంటు పోయి, మళ్లీ వచ్చిందట. ఒక చక్రానికి ఆ చోట అతుకు ముడి పడినట్టు లావుగా వచ్చింది. నాయన దాన్ని చూసి నసుగుతూనే ఉండేవాడు. నేను ఆ ముడి మీద వేలు పెట్టి చుట్టూ తిప్పి ఆడుకునేదాన్ని.

చక్రాలు ఎక్కించాక జీపు నిలువునా లేచింది. తిప్పితే టైరు రేకుకు రాసుకునేది, ఆ రేకులు రంపంతో కోశాడు. స్టీరింగు బరువెక్కింది. ఎత్తు ఎక్కాలంటే ముందుగానే గేరు తగ్గించాలి. మీటరు ఎప్పుడూ తక్కువే చూపించేది. "మా బండి మీటరు కంటే ఎక్కువ పోతందిరా" అని నాయనమ్మ మాచర్ల బస్టాండులో అందరికీ చెప్పేది. మొదటి వానకు ఆ జీపు బురదలో ఏనుగులా నడిచి వాగు దాటి అవతల గట్టు ఎక్కింది. ఆ రోజు నాయన ఇంటికి వచ్చి అన్నం తినలేదు. ముఖం కడుక్కుని, వచ్చి మళ్లీ చక్రాల దగ్గరే కూర్చున్నాడు. అమ్మ కంచం అక్కడికే తెచ్చిపెట్టింది.

ఊళ్లో ఇంకో జీపు చినవీరయ్యది. ఆయనకు అది అవసరానికి కాదు, ఊళ్లో తిరగడానికి. ఆ వానాకాలంలోనే ఆయన వియ్యాలవారిని ఎక్కించుకుని వస్తూ వాగు మధ్యలో ఇరుక్కుపోయాడు. తెల్లబట్టలు, పళ్లబుట్టలు, పట్టుచీరలు, చుట్టూ బురదనీళ్లు. వెనక నుంచి మా జీపు వచ్చింది. నాయన దిగి, మోకాటి లోతు బురదలో పోయి, తాడు కట్టి ఆ జీపును బయటికి లాగాడు. మంచి పనే చేశాడు. కానీ మా నాయనమ్మ ముందు సీట్లోంచి మెడ బయటికి పెట్టి కేక వేసింది.

"ఏవయ్యా చినవీరయ్యా! గట్టిగా పట్టుకో, మా వాడి తోక జారిపోద్ది!"

మా జీపులో జనం నవ్వారు. అంతవరకు పర్వాలేదు. చినవీరయ్య వియ్యంకుడు కూడా పళ్లబుట్ట ఒళ్లో పెట్టుకుని పగలబడి నవ్వాడు. దానికే మా ఇల్లు కూలింది.

ఆ వారం దాటకముందే, ఒక తెల్లవారుజామున అమ్మ కళ్లాపి బిందె పట్టుకుని వాకిట్లోకి వెళ్లి, దాన్ని అక్కడే దించేసింది. జీపు నాలుగు వైపులా నాపరాళ్ల దొంతరల మీద కూర్చుని ఉంది. చక్రాలు లేవు. నట్లు కూడా వదల్లేదు. నాయన బయటికి వచ్చి, చక్రాలుండాల్సిన చోట వంగి చూశాడు. లేవని తెలిసినా నాలుగు వైపులా తిరిగి చూశాడు. పాత చక్రాలు ఎక్కించుకుందామంటే వాటి నడుములు కోసి పోయినవాటిలో పెట్టాడు గదా, ఏమీ మిగల్లేదు. రెండో రోజుకే ఆ చక్రాలు చినవీరయ్య జీపు కింద కనపడ్డాయి. పసుపు రంగు పూసి ఉన్నాయి. దాచిపెట్టలేదు. మా ఇంటి ముందు నుంచే, పొద్దునా సాయంత్రం, హారను కొట్టుకుంటూ పోయేవాడు.

నాయన రచ్చబండ దగ్గర పంచాయితీ పెట్టించాడు. నేను అమ్మ కొంగు పట్టుకుని దూరంగా నిలబడి విన్నాను.

"ఏందిరా కోటయ్యా," అన్నాడు చినవీరయ్య, కాలు మీద కాలేసుకుని, "చక్రాల మీద నీ పేరేమన్నా రాసుందా?"

"అతుకుంది. నేను ఏయించిన అతుకు. మాచర్లలో అడగండి."

"అతుకులు నువ్వొక్కడివే ఏయించుకుంటావంట్రా లోకంలో?"

పెద్దలు నేలచూపులు చూశారు. ఆ చక్రాల మీద వాగు దాటినవాళ్లు, పురుటి నొప్పుల కోడళ్లను ఆ జీపులో మాచర్ల చేర్చుకున్నవాళ్లు, అందరూ అక్కడే ఉన్నారు. ఒక్కడూ పెదవి విప్పలేదు. సాయంత్రం ఒకాయన గోడ పక్కగా మా ఇంటికి వచ్చి, "మాకు తెలుసులే కోటయ్యా, అయి నీయే" అన్నాడు. నాయన చుట్ట వెలిగించుకున్నాడు. అమ్మ మాట్లాడింది. "తెలిస్తే అక్కడ చెప్పాల అన్నయ్యా. మాయి అని మా ఇంటికొచ్చి మాకు చెప్పేదేంది?" ఎవరొచ్చినా మజ్జిగ ఇవ్వకుండా పంపని మనిషి, ఆయనను ఉత్త చేతులతో పంపించింది.

ఆ తరువాత మా ఇంటి పద్ధతులు వేరే అయ్యాయి. జీపును పక్కకు జరిపి గడ్డి కప్పెయ్యమని చుట్టాలు చెప్పారు. అమ్మ ఒప్పుకోలేదు. పొద్దున్నే కళ్లాపి చల్లి, జీపు చుట్టూ ముగ్గు వేసేది. ఇంటి గుమ్మానికి వేసినట్టే నాలుగు మూలలా కలిపి. ఊరంతా చూడాలి, చూసి సిగ్గుపడాలి అని. ఎవరూ సిగ్గుపడలేదు, అయినా అమ్మ మానలేదు. జీపు మూత మీద మిరపకాయలు ఎండేవి. వెనక సీట్లో కోళ్లు గుడ్లు పెట్టేవి. పెట్రోలు వాసన పోయి కోడి రెట్ట వాసన వచ్చింది. పసుపు చక్రాల జీపు హారను వినపడగానే నాయనమ్మ ఏ పనిలో ఉన్నా లేచి వచ్చి, గుప్పెడు దుమ్ము తీసి దాని వెనక పోసి, మెటికలు విరిచేది. ముసలితనంలో కళ్లు కనపడక, పాలవాడి బండి మీద కూడా పోసింది. ఆ తోక మాట అన్నందుకు బాధ పడుతున్నావా అని ఎవరో అడిగితే, "మళ్లీ ఇరుక్కోమను, మళ్లీ అంటా" అంది.

నాయన దాచేపల్లి వైపు రాతి క్వారీకి కూలికి పోయాడు. అక్కడే ఉండి, వారానికోసారి వచ్చేవాడు. వచ్చినప్పుడు కోళ్లను అదిలించి, డ్రైవరు సీట్లో కూర్చుని చుట్ట కాల్చుకునేవాడు. స్టీరింగు మీద చెయ్యి వేసేవాడు కాదు. రాతి దుమ్ముకు ఊపిరితిత్తులు పాడయ్యి, నా పెళ్లి చూసి పోయాడు. చక్రాల మాట చివరిదాకా ఎత్తలేదు. ఆయన ఎత్తి ఉంటే, తిట్టి ఉంటే, నాలో ఇంత మిగిలేది కాదేమో. ఆయన మింగినదంతా నాకు వచ్చింది. అమ్మ కూడా పోయాక ఆ జీపు పాత ఇనపవాడికి పోయింది. రాళ్లు మాత్రం చాలాకాలం అక్కడే ఉన్నాయి.

మా అత్తగారి ఊళ్లో వయోజనులకు సాయంత్రం బడి పెట్టినప్పుడు నేను చేరాను. పంతులమ్మ చిన్నపిల్ల. ముందు అందరికీ ఎవరి పేరు వాళ్లకు నేర్పుతానంది. "నాది తరవాత. చినవీరయ్య అని రాసియ్యి" అన్నాను. "మీ ఆయన పేరా పిన్నీ?" అంది. "కాదమ్మా. మా పగోడిది." ఆ పిల్ల బిత్తరపోయింది గానీ రాసి ఇచ్చింది. పలక మీద దిద్ది, ఉమ్మితో తుడిచి, మళ్లీ దిద్ది నేర్చుకున్నాను. నా పేరులో ఈనాటికీ తప్పులు పోతాయి. అతని పేరులో ఒక్క గుణింతం తప్పు పోదు.

చావు దగ్గర పగ చూడరు. పిలవకపోయినా పోవచ్చు. అందుకే పెద్దకర్మ నాటికి శిరీషను తీసుకుని పోయాను. మెత్తబడి పోతున్నాననుకుంది పాపం, దారంతా నెమ్మదిగా మాట్లాడింది. వాగు మీద ఇప్పుడు వంతెన ఉంది. కారు పాటకు పాట కలుపుతూ, కింద వాగు ఉందని కూడా చూడకుండా అది దాటించింది. ఈ రోజుల్లో చక్రం మార్చాలంటే ఫోనులో బొమ్మలు చూసి, నచ్చింది వేలుతో నొక్కి చెబితే కుర్చీ వేసి కూర్చోబెట్టి మారుస్తారు. ఎవడూ ఓర్వలేక చావడు. పక్కవాడు ఇంకా పెద్దవి వేయిస్తాడు, అంతే. మా నాయనకు నాలుగు చక్రాలంటే ఊరి ముందు తల ఎత్తుకుని నడవడం. ఆ తేడా ఆ పిల్లకు చెప్పలేదు. చెప్పినా దానికి కథలాగే ఉంటుంది.

షామియానా కింద జనం, పూలదండ వేసిన ఫోటో. ఫోటోలో కూడా కాలు మీద కాలు. దాని ముందు విస్తరి వేసి కూరలు, గారెలు, పరవాన్నం వడ్డించారు. అన్నం దిగగానే అది కూడా వేసి, ఆయన తిన్నట్టు లెక్క చూసుకుని అప్పుడు జనానికి పెడతారు. కాళ్లు కడుక్కుందామని నేను పెరట్లోకి పోయాను. వంటవాళ్లు పెద్ద డేగిసాలో అన్నం వండుతున్నారు. డేగిసా కింద రాళ్లు, రాళ్ల మీద ఇనప రిమ్ము. నడిమి పళ్లెం కోసేశారు, మంట రావడానికి. చుట్టూ అతుకు అలాగే ఉంది. పుల్ల తీసుకుని మసి గీకాను. మసి కింద పసుపు. పుల్ల జరుపుకుంటూ పోతే ఒక చోట ముడి తగిలింది.

దీనికోసమే ఇన్నేళ్లు బతికి ఉన్నట్టు నిలబడ్డాను.

"పక్కకి జరుగమ్మా, మంట" అన్నాడు వంటవాడు.

"డేగిసా దించు."

"ఏందమ్మా? ఇంకా బియ్యంలో పలుకుంది."

"ఉండనీ. దించు. ఆ చక్రం మాది."

గొడవ విని చినవీరయ్య కొడుకు శ్రీనివాసరావు వచ్చాడు. గుండు, భుజాన కండువా. నన్ను గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది.

"ఏంది రాములత్తా, ఇయ్యాళ?"

"ఇయ్యాళే. ఇది మా నాయన జీపు చక్రం. మీ నాయన దొంగతనం చేసి తెచ్చాడు. ఆ మాట ఈ జనం ముందర చెప్పి, చక్రం నా చేతికియ్యి."

"పాత ఇనప ముక్క అత్తా అది! కార్యం కానీ, నీకు కొత్తయి నాలుగు కొనిస్తా."

"కొనిచ్చే మొగోడివి నువ్వెవడివిరా? నేను కొనుక్కోలేకొచ్చానా? దొంగ సొత్తు అడుగుతున్నా."

షామియానాలో అందరూ ఇటే చూస్తున్నారు. శిరీష పరుగున వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది, విదిలించాను. అప్పుడు లోపలి గదిలోంచి అనసూయమ్మ వచ్చింది, చినవీరయ్య పెళ్లాం. బొట్టు తీసేసిన నుదురు, గోడ పట్టుకుని నడుస్తోంది. నా వంక చూడలేదు. రిమ్ము వంక చూసింది.

"అయి వాళ్లయే," అంది. "తెచ్చిన పొద్దున పసుపు రంగు నేనే పూశా. మీ నాయన పూయమన్నాడు. దించండి."

"అమ్మా, అన్నం..." అన్నాడు కొడుకు.

"దించమన్నానా!"

ఇద్దరు మనుషులు గుడ్డలు పట్టుకుని డేగిసా కిందకు దించారు. నీళ్లు పోసి రిమ్మును చల్లార్చారు, ఆవిరి లేచింది. రచ్చబండ దగ్గర నేలచూపులు చూసినవాళ్లలో ఇద్దరు ముగ్గురు ముసలాళ్లు ఇంకా మిగిలి ఉన్నారు. కుర్చీల్లో కూర్చుని ఇప్పుడు కూడా నేలచూపులే చూస్తున్నారు. వాళ్ల ముందు నుంచే, చీర మసైపోతుంటే, నేనే రిమ్ము మోసుకుంటూ పోయాను. శిరీష డిక్కీ తీసి, లోపల పరిచిన గుడ్డ వంక ఒకసారి చూసుకుని, పక్కకు జరిగింది.

కారులో కూర్చున్నాక అది ఇంజను వేసింది. "ఉండు" అన్నాను. అద్దంలోంచి ఫోటో కనపడుతోంది, దాని ముందు విస్తరి. కూరలు ఆరిపోతున్నాయి. అన్నం లేదు. పెరట్లో వాళ్లు ఇటుకలు వెతుక్కుంటున్నారు, మళ్లీ పొయ్యి కట్టాలి, మళ్లీ రాజేయాలి. జనం ఆకలికి గొణుగుతున్నారు. చినవీరయ్య విస్తరి ముందు కూర్చుని ఎదురు చూస్తున్నాడు. చూడనీ అనుకున్నాను. జాలి వస్తుందేమోనని నాలోకి నేను వెతుక్కున్నాను, రాలేదు.

శిరీష స్టీరింగు మీద చెయ్యి పెట్టుకుని నా వైపు తిరిగింది. మెల్లగా అంది, "అమ్మమ్మా, ఇప్పటికన్నా తీరిందా?"

"ఒకటేగదే దొరికింది. ఇంకా మూడున్నాయి. బండి వాళ్ల గొడ్లచావిడి వైపు పోనీ."